ఎనిమిదో బాతు

బండారులంక బుజ్జమ్మ పాట ఎత్తుకుంటే మగ్గం దానంతటదే చీర నేసేది. మనిషి అక్కర్లేదు. నేసేవాడు కాళ్ళు దింపుకుని కూర్చునే గుంటలో ఎవరూ లేకుండా, పోగు మోసే నాడె ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ తిరుగుతూ ఉంటే, పొద్దు గూకేసరికి చీర తయారై, మడత పెట్టి పీట మీద ఉండేది. ఇది నేను నా రెండు కళ్ళతో చూశాను.

సరే, మడత పెట్టి ఉండేదన్న మాట వెనక్కి తీసుకుంటాను. గుంటలో ఆమె మొగుడు తాతబ్బాయి కూర్చునేవాడు. అయితే కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. పొద్దు గూకేసరికి తయారయ్యేది చీర కాదు, మూరెడు బట్ట. యానాంలో కన్యస్త్రీల మఠం బడిలో చదువుకున్నవాణ్ణి నేను. అక్కడ అబద్ధమాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. అందుచేత అబద్ధం ఎక్కడ ఆపాలో నా మోకాళ్ళకు బాగా తెలుసు. ఇక ముందు చెప్పబోయేదంతా నిజం, ఒకటి రెండు చోట్ల తప్ప. ఆ చోట్లు ఏవో మీకు చెప్పను.

గోదావరికి ఆనకట్ట కట్టి అప్పటికి రెండు మూడేళ్ళు. మా లంకల్లో కాలువలు ఇంకా కొత్త. నీళ్ళు ఎటు పోతాయో చూడటానికి జనం గట్టు మీద కూర్చునేవారు. నాకు పంతొమ్మిదేళ్ళు. అమలాపురం కచేరీలో రాయసం పని. ఎవరేం చెబితే అది కాగితం మీద పెట్టడమే నా ఉద్యోగం.

ఒకరోజు చెన్నపట్నం నుంచి తాఖీదు వచ్చింది. అక్కడ ఏదో పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. ప్రతి తాలూకా నుంచి మంచి పనివాళ్ళ చేతిపని పంపాలి. వస్తువు ఒక్కటే పంపితే చాలదు, చేసినవాడి పేరు, ఊరు, అతను చెప్పిన జవాబులు కూడా పంపాలి. ప్రశ్నలు వాళ్ళే రాసి పంపారు. అవి ఎవరో దొర ఇంగ్లీషులో రాస్తే ఎవరో పండితుడు తెలుగు చేశాడు. అందులో రెండో ప్రశ్న ఇది: "ఈ రూపము మీ మనస్సునందు ఎట్లు ఉదయించెను?"

ఆ కాగితం పట్టుకుని నేను ఊళ్ళు తిరిగాను. రాజోలులో ఒక ఇత్తడిపని ఆయన్ని ఆ ప్రశ్న అడిగితే, "ఉదయాన్నేనండి, కొలిమి రాజెయ్యగానే," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట రాబట్టలేకపోయాను. కొత్తపేటలో ఒక కవిగారున్నారు. ఆయన ఆ ఒక్క ప్రశ్నకే మూడు పూటలు భోజనం పెట్టి జవాబు చెప్పారు. కావ్యం ఎలా ఉదయించిందో, ఏ దేవత కలలో కనిపించిందో, తాను ఎలా ఏడ్చారో అన్నీ చెప్పారు. నాలుగో పూట, "మరి గ్రంథం ఇప్పించండి, చెన్నపట్నం పంపాలి," అన్నాను.

"రాయాలండి," అన్నారు కవిగారు. "ఇంకా మొదలెట్టలేదు."

ఆ తరవాత బండారులంక వెళ్ళాను.

నేతగాళ్ళ వీధిలో అడుగు పెట్టగానే వీర్రాజు ఎదురొచ్చాడు. మంచి చెయ్యి ఉన్న నేతగాడు. అంతకన్నా మంచి నోరు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, బొండం కొట్టించి, నేను తాగేలోపు ఒక చీర తెచ్చి నా ఒళ్ళో పరిచాడు.

ఆకుపచ్చ చీర. అంచు పొడుగునా తెల్లటి బాతులు. ఒకదాని వెనక ఒకటి నీళ్ళమీద పోతున్నట్టు పోతున్నాయి. ఏడు బాతులు ముందుకు చూస్తున్నాయి. ఎనిమిదోది మాత్రం వెనక్కి చూస్తోంది. మళ్ళీ ఏడు ముందుకు, ఎనిమిదోది వెనక్కి. అంచంతా అంతే. ఆ వెనక్కి చూసే బాతును చూస్తే, అదేదో నన్నే పిలుస్తున్నట్టు అనిపించింది.

"ఈ ఎనిమిదోది ఎందుకండీ వెనక్కి చూస్తోంది?" అని అడిగాను. ఇది చెన్నపట్నం వారి ప్రశ్న కాదు, నాదే.

వీర్రాజు కండువా సర్దుకున్నాడు. "తమరు అడిగేరు కాబట్టి చెప్తున్నానండి. ఏడు బాతులంటే ఏడు జన్మలండి. ఎనిమిదోది జీవుడండి. పోతా పోతా ఒక్కసారి వెనక్కి తిరిగి, ఇంత బతుకూ బతికేనా అని చూసుకుంటున్నాడండి."

నాకు కళ్ళు చెమర్చాయి. ఐదు పేజీలు రాసుకున్నాను. పైన "వీర్రాజు ఇంటి అంచు" అని పెద్దక్షరాలతో పెట్టాను.

ఇక్కడ ఆ వీధి ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త అంచు ఎవరి ఇంట్లో పుడితే అది ఆ ఇంటిది. వీధిపెద్దల ముందు చీర పరిచి, "ఇది ఫలానావారి అంచు" అనిపించుకుంటే ఇక తక్కినవాళ్ళెవరూ దాన్ని మగ్గానికి ఎక్కించకూడదు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు చీర చెంగు పట్టుకుని, "ఇది ఫలానావారి ఇంటిది," అని ఇంటి పేరుతోనే చెప్పుకునేవారు. నేను పెట్టిన పెద్దక్షరాలకు కచేరీ ముద్ర పడితే, వీధిపెద్దలు ఇక మాట్లాడేది ఉండదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. వీర్రాజుకు తెలుసు.

నాలుగిళ్ళు దాటగానే ఒక అరుగు మీద దండెం. దండెం మీద అదే చీర. అవే బాతులు.

"వీర్రాజుగారి చీర ఇక్కడ ఆరేశారేం?" అన్నాను.

లోపల రాట్నం చప్పుడు ఆగిపోయింది. మగ్గం గుంటలోంచి ఒక పెద్ద బుర్ర పైకి లేచింది. అదే తాతబ్బాయి. ఆ మనిషి ఎప్పుడూ నిద్రలోంచి లేచినట్టే ఉండేవాడు.

"ఇది మాదండి," అన్నాడు.

"ఇప్పుడే ఆయన అంచని రాసుకుని వస్తున్నానే!"

తలుపు వెనకనుంచి ఆడగొంతు వచ్చింది. "రాసేసేరా? సిరాతో రాసేరా అండీ, ఉత్తినే రాసేరా?"

"సిరాతోనేనమ్మా."

"అయితే మా బాతులు వెళ్ళిపోయినట్టేనా అండీ?"

ఆ గొంతులో కోపం లేదు. పిల్లను వేరే ఇంటికి ఎత్తుకుపోతున్నారని చెబితే అడిగినట్టు అడిగింది. నేను గబగబా కాగితం విప్పాను. "ముద్ర పడలేదమ్మా. కచేరీకి తీసుకువెళ్ళేదాకా ఏదీ ఖాయం కాదు. తాతబ్బాయిగారూ, మీ జవాబులు కూడా రాసుకుంటాను, చెప్పండి. ఈ రూపం మీ మనసులో ఎలా ఉదయించింది?"

"ఎవరి మనసులోనండి?"

"మీ మనసులోనే."

"నా మనసులో ఏవీ ఉదయించవండి."

తలుపు వెనక దగ్గు వినిపించింది.

"ఆయ్, అంటే, ఉదయించిందండి," అన్నాడు తాతబ్బాయి చటుక్కున.

"ఎప్పుడు?"

తలుపు వంక చూశాడు. తలుపు ఏమీ చెప్పలేదు. "మొన్నండి," అన్నాడు.

"ఎనిమిదో బాతు ఎందుకు వెనక్కి చూస్తోంది?"

ఈసారి అతనికి చెమట పట్టింది. తలుపు వంక, చీర వంక, నా వంక చూసి, "అది దాని ఇష్టమండి," అన్నాడు.

నేను కలం కింద పెట్టాను. "తాతబ్బాయిగారూ, ఐదు పేజీల ఎదుట 'దాని ఇష్టం' అన్న ఒక్క ముక్క పెడితే ఎవరు గెలుస్తారు? మీరే చెప్పండి."

లోపల రాట్నం జరిపిన చప్పుడైంది. తరవాత తలుపు తెరుచుకుంది. బుజ్జమ్మ రాట్నం పట్టుకుని వచ్చి గడప లోపల కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. సన్నటి మనిషి, కళ్ళు మాత్రం చాలా చురుకు.

"మీరు రాయనంటే చెప్తానండి," అంది.

"రాయను."

"ఒట్టు?"

"మఠం బడి ఒట్టు."

ఆమె మొగుడి వంక తిరిగి, "నెయ్యి బావా," అంది. రాట్నం తిప్పుతూ పాట ఎత్తుకుంది.

*ముక్కున రెండు మురిపెంగ ఎత్తు,*
*తలకు నాలుగు తప్పకు బావా,*
*కంటికి ఒక్కటి కిందికి వదులు,*
*మెడకు మూడే మెల్లగ లాగు...*

ఇదేదో సరసమైన పాట అనుకుని నేను మర్యాదగా వీధి వైపు చూశాను. కాని చరణానికి ఒకసారి నాడె కదులుతోంది. తిరిగి చూస్తే తాతబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. ఆమె రెండంటే అతని వేళ్ళు రెండు పోగులు ఎత్తుతున్నాయి. నాలుగంటే నాలుగు. ఒక్కటి వదలమంటే ఒక్కటి వదులుతున్నాయి, అక్కడ బాతుకు కన్ను పడుతోంది. పన్నెండు చరణాలు. ముక్కుతో మొదలై, "తోకకు రెండు తొందర లేదు" అని తోకతో అయిపోతుంది. తాంబూలం నమిలేంత సేపట్లో ఒక బాతు.

"ఇదంతా మీ పాటేనా అమ్మా?"

"కాలువలో నీళ్ళొదిలిన ఏడు, ఎవరిదో బాతులమంద మా పెరటి వెనక్కి వచ్చిందండి. నేను కండెలు చుట్టుకుంటా లెక్కపెట్టేను. లెక్క పెడితే పాటైపోయింది. ఆయన వింటా నేసేసేరు. అంతేనండి."

"మరి ఆ ఎనిమిదోది?"

బుజ్జమ్మ నవ్వింది. "నాడెలో పెట్టే నూలు కండె ఒక్కోటి ఎనిమిది బాతులకి వస్తుందండి, మొదటిది మాత్రం ఒక బాతంత నూలు చీర మొదలెట్టడానికే పోయి ఏడింటికే అయిపోతుంది. కొత్త కండె అందించాలంటే పాట ఆపాలి కదా. మా అమ్మ ఏం చెప్పేదంటే, పాట ఏ మాట మీద ఆగిందో ఆ మాటతోనే ఎత్తుకుని మొదటిదాకా వెనక్కి పాడాలి, లేకపోతే మగ్గం మీది పడుగు నూలుకి కోపం వస్తుంది. ఆగింది తోక మీద కదండీ? అందుకని తోకనించి ఎత్తుకుని ముక్కుదాకా వెనక్కి పాడతాను. అదే వెనక్కి తిరిగిపోతుంది. ముక్కు దగ్గరికి వచ్చేసేను కాబట్టి, ఆ తరవాతది మామూలే."

జీవుడూ లేడు, జన్మలూ లేవు. కండె అయిపోయింది, అంతే.

"ఇది రాయనివ్వండి. మీ పేరు పెడతాను."

"అమ్మో!" అంది. "నా పేరెందుకండీ? ఈ ఇంటి పేరుంటే చాలు. మా ఆయన పెళ్ళాం పాటకి నేస్తాడని తెలిస్తే వీధిలో తలెత్తుకోనిస్తారా? ఒట్టేసేరు మీరు."

తాతబ్బాయి గుంటలో మరింత కిందికి దిగాడు.

అలా రెండు చీరలు, రెండు పేర్లు, ఒకే అంచుతో కచేరీకి వెళ్ళాను. ఒక పక్క ఐదు పేజీల తత్త్వం, ఇంకో పక్క "దాని ఇష్టం". తాసీల్దారుగారు నన్ను కోప్పడి, రెండూ తీసుకువెళ్ళి ప్రదర్శన పని చూస్తున్న దొరగారి ముందు పెట్టారు. ఆ దొరగారికి తెలుగు వచ్చు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, ప్రశ్నలు. భోజనం చేస్తూ వంటవాణ్ణి అడిగేవారు. పల్లకీలో పోతూ బోయీలను అడిగేవారు. ఆయన రెండు చీరలూ పక్కపక్కన పెట్టి చూసి, "నేనే వచ్చి చూచెదను. ఇరువురును నా యెదుట నేయవలెను," అన్నారు.

దొరగారు వచ్చిన రోజు బండారులంకలో ఒక్క మగ్గం ఆడలేదు. వీధంతా అరుగుల మీదే ఉంది. మొదట వీర్రాజు ఇంటి ముందు ఆయనకు కుర్చీ వేశారు.

వీర్రాజు గొప్పగా నేశాడు. ఆ మాట చెప్పుకోవాలి. చీరను చూసి పోగులు లెక్కగట్టి నేర్చుకున్నవాడు, అయినా వేళ్ళు చకచకా పోయాయి. ఒక పక్క నేస్తూనే, దొరగారు ఏమడిగినా జవాబు చెబుతూ వచ్చాడు. ఏడు జన్మలు చెప్పాడు, జీవుణ్ణి చెప్పాడు. ఈసారి కొత్తగా కాశీ కూడా కలిపాడు. అంత మాట్లాడుతున్నా ఏడు బాతులు ముందుకు, ఎనిమిదోది వెనక్కి, ఒక్క పోగు తేడా లేదు. దొరగారు తల ఊపారు. వీధిపెద్దలు కూడా ఊపారు.

తరవాత కుర్చీ తాతబ్బాయి ఇంటి ముందుకు వచ్చింది.

తాతబ్బాయి గుంటలో దిగాడు. నాడె చేతిలో పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. లోపల రాట్నం తిరుగుతోంది, పాట లేదు. వీధి వీధంతా గుమ్మంలో నిలబడితే, దొర ఎదుట ఏ ఇల్లాలు గొంతెత్తుతుంది? తాతబ్బాయి చేతులు కొయ్యల్లా ఉండిపోయాయి.

"ఏం తాతబ్బాయ్, బాతులు మేతకెళ్ళేయా?" అన్నాడు వీర్రాజు.

అందరూ నవ్వారు. తాతబ్బాయి కళ్ళు తెరిచాడు. దొరగారి వంక చూశాడు, నా వంక చూశాడు, తలుపు వంక చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. లోతు తెలియని కాలువలో దిగేముందు మనిషి చూసే చూపు.

"పాట కావాలండి," అన్నాడు.

"ఏ పాట?" అన్నారు దొరగారు.

"మా ఆవిడ పాటండి. ఆవిడ పాడితేనే నా చెయ్యి ఆడుతుందండి. ఈ అంచు నాది కాదండి, ఆవిడది. నేను ఉట్టి చేతులండి."

వీధి గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. "ఇన్నాళ్ళూ పెళ్ళాం జోలపాటకి నేసేవట్రా!" అని ఎవరో అరిచారు. తాతబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి, కాని తల దించలేదు.

"బుజ్జమ్మా," అని పిలిచాడు. "నవ్వేవాళ్ళు నవ్వేసేరు. అయిపోయింది. ఇప్పుడు కూడా నువ్వు పాడకపోతే నవ్వు దక్కుద్ది, బాతులు పోతాయి."

రాట్నం ఆగింది. లోపల గాజులు గలగలమన్నాయి. మరుక్షణం, "ముక్కున రెండు మురిపెంగ ఎత్తు..."

తాతబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు లేచాయి. వీధిలో నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోయింది.

మొదటి బాతు పడింది. ముందుకు చూస్తోంది. దొరగారు ముందుకు వంగి, "ఈ పాటను నీకెవ్వరు నేర్పిరి?" అని అడిగారు.

దొర అడిగితే చెప్పకుండా ఉండగలదా? బుజ్జమ్మ పాట ఆపింది. "పద్ధతి మా అమ్మదండి, పాట నాదండి." ఆపింది తోక మీద. కాబట్టి తోకనుంచి ఎత్తుకుంది. రెండో బాతు వెనక్కి చూసింది.

"తప్పింది!" అన్నాడు వీర్రాజు. "ఎనిమిదోది కదండీ చూడాలి? రెండోదే చూసేసింది!"

ఏం జరుగుతోందో ఆ గుమ్మంలో నాకొక్కడికే తెలుసు. ఒట్టేశాను, నోరు విప్పడానికి లేదు.

మూడో బాతు సరిగా వచ్చింది. నాలుగో బాతు ముక్కు, కన్ను, మెడ, సగం పొట్ట అయ్యాయి. దొరగారికి ఇంకో సందేహం వచ్చింది. "ఇది గానమా, గణితమా?"

"రెండూనండి, ఆయ్," అంది బుజ్జమ్మ. ఈసారి పాట ఆగింది పొట్ట మీద. పొట్టనుంచి ఎత్తుకుని వెనక్కి, మెడ, కన్ను, ముక్కు...

తాతబ్బాయి కళ్ళు మూసుకుని, ఏం పాడితే అది నేసేశాడు.

జనం మెడలు చాచి చూశారు. రెండు పక్కలా రెండు తలలు. తోక లేదు. అటు తల అటు పోదామంటోంది, ఇటు తల ఇటు పోదామంటోంది.

దొరగారు కుర్చీలోంచి లేచి దగ్గరకు వచ్చారు. కళ్ళద్దాలు సర్దుకుని, "ఇది యే జంతువు?" అని అడిగారు.

తాతబ్బాయి కళ్ళు తెరిచి చూశాడు. ఆలోచించాడు. ఉన్నమాట చెప్పాడు.

"తమరి ప్రశ్నండి."

తాసీల్దారుగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన గోళ్ళు నాకు దిగాయి. దొరగారు మాత్రం బట్ట మీదికి ఇంకా వంగారు. రెండో బాతు మీద వేలు పెట్టి, "ఇచ్చట నేను ఒకటి అడిగితిని," అన్నారు. నాలుగో దాని మీద పెట్టి, "ఇచ్చట ఇంకొకటి." తల ఎత్తి తలుపు వంక చూసి, "అమ్మా, పాడుము. నేను మాటలాడను," అన్నారు.

ఐదో బాతు ముందుకు చూసింది. ఆరోది ముందుకు చూసింది. ఆరోది అయిపోగానే దొరగారు కావాలనే, "నీకు బాతులన్న ఇష్టమా?" అని అడిగారు.

"గుడ్లు బాగుంటాయండి."

ఏడోది వెనక్కి చూసింది.

దొరగారు చేతులు రెండూ ఎత్తి పకపక నవ్వారు. అంత పెద్ద దొర అలా నవ్వడం మా తాలూకాలో ఎవరూ చూడలేదు. వీర్రాజు ఇంట్లో ఆయన ఎన్నో ప్రశ్నలు అడిగారు, అక్కడ ఒక్క బాతూ తల తిప్పలేదు. ఎందుకంటే ఆ బాతులు చూసి నేర్చినవి. ఇవి విని పుట్టినవి. మాట పడితే మాట అంచులోకి వెళుతోంది. కండె సంగతి కూడా అప్పుడు తాతబ్బాయే అందరి ఎదుటా చెప్పాడు.

"కండె అయిపోతేనా?" అన్నాడు వీర్రాజు. పాపం, అతనికి నిజంగానే బాధ కలిగింది. "ఇంత అందమైన దానికి అంత చిన్న కారణమా అండీ? నేను చెప్పింది బాగోలేదా?"

"నీ జవాబు చాల బాగుగా నున్నది," అన్నారు దొరగారు. "దానిని కూడ చెన్నపట్నము పంపెదను. చీర మాత్రము వీరిది."

వీధిపెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, అంచు తాతబ్బాయి ఇంటిదేనని ఒప్పుకున్నారు. వీర్రాజు ఆ సాయంత్రమే తన మగ్గం మీది బాతుల పడుగు దింపేశాడు. తరవాత పదిరోజుల్లో చిలకల అంచు ఒకటి కట్టాడు. అది అతని సొంతం, అది కూడా బాగుండేది.

రెండు తలల బాతున్న ముక్కను దొరగారు కత్తిరించి తీసుకుపోయారు. లండను పంపారనీ, అక్కడ మహారాణిగారు దాన్ని తన దిండుకు కుట్టించుకున్నారనీ కొందరంటారు. కొందరు అంటే నేనే.

ఇక కాగితం. "ఏమని రాయమంటారు?" అని అడిగితే తాతబ్బాయి, "ఆవిడ పేరే పెట్టండి, ఎలాగూ నవ్వేసేరు కదా," అన్నాడు. లోపలినుంచి బుజ్జమ్మ, "నా పేరు పెడితే రేపట్నించి పాడను," అంది. నేను కలం ఆడించి, కాగితం ఎత్తి పట్టుకుని, "తాతబ్బాయి ఇంటి అంచు, నేసినది తాతబ్బాయి," అని గట్టిగా చదివాను. బుజ్జమ్మ సంతోషించింది, ఆమె సంతోషం చూసి తాతబ్బాయి సరేనన్నాడు. ఇద్దరికీ చదువు రాదు. కాగితం మీద నేను రాసింది వేరు: "బుజ్జమ్మ చెప్పగా తాతబ్బాయి నేసినది." దాని మీదే ముద్ర పడింది.

ఆ తరవాత కొన్నాళ్ళు తాతబ్బాయి వీధిలో పోతుంటే, "ఏం బావా, ఇవాళ ఇంట్లో గొంతు బాగుందా?" అని ఏడిపించేవారు. "బాగుందండి, రెండు మూరలు పాడింది," అని అతను నవ్వుకుంటూ పోయేవాడు. ఏడిపించిన వాళ్ళలో ఇద్దరు రహస్యంగా తమ ఆడవాళ్ళనూ పాడమన్నారు. ఒకావిడ పాడుతూ పాడుతూ అత్తగారి మీద కోపం గుర్తొచ్చి ఆపేసిందట. ఆ చీర అంచు మీద ఒక లేడికి ఎనిమిది కాళ్ళు వచ్చాయి.

ఇదంతా జరిగి యాభై ఏళ్ళు దాటింది. ఈ మధ్య నా మనవలు, "తాతయ్యా, నువ్వు చెప్పేవన్నీ అచ్చు వేయిద్దాం," అని పట్టుబట్టారు. అచ్చు వేసేముందు ఎవరి కథ వాళ్ళకు చదివి వినిపించాలి, అది మర్యాద. అందుకని మొన్న బండి కట్టించుకుని బండారులంక వెళ్ళాను. తాతబ్బాయికి చెవులు పూర్తిగా పోయాయి. మగ్గం మానేసి అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. నన్ను చూసి చేతులు జోడించి, హాయిగా నవ్వాడు. బుజ్జమ్మకు జుట్టంతా తెల్లబడింది. కళ్ళ చురుకు మాత్రం తగ్గలేదు. నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. కాగితం మీద నేను నిజంగా ఏం రాశానో ఆమె వినడం అదే మొదటిసారి. అక్కడ ఆమె మొగుడి వంక చూసింది. అతను వినపడక ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"అయిపోయిందా అండీ?" అంది బుజ్జమ్మ.

"అయిపోయిందమ్మా. ఎలా ఉంది?"

"ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదండి."

"ఒక్క ముక్క కూడానా?"

"మా వీధికి ఏ దొరా రాలేదండి. వీర్రాజు అన్నయ్యగారు దేవుడిలాంటి మనిషి, ఒకరి అంచు ముట్టుకోలేదు. నాకు పాట రాదు, పుట్టేక ఎప్పుడూ పాడలేదు. ఆ అంచు మా ఆయన బుర్రలో పుట్టింది, మా ఆయన చేత్తో నేసేరు. కాగితం మీద ఉన్నది కూడా ఆయన పేరొక్కటే."

"ఆ కాగితం రాసింది నేనమ్మా!"

"మీరు రాయలేదండి," అంది బుజ్జమ్మ, లేచి లోపలికి పోతూ. "అసలు మీరు మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి."